కూలికి కొలత, మనసుకు విలువ
(దత్తమండల చరిత్రలో కొన్ని పుటలు)

నడిరేయి పెద్దవాన కురిసి చెరువు నిండినది. అలుగు పారుచున్నది. కట్ట యొకచోట జారుచున్నది. ఆ చీకటిలో గోనెసంచి తలపై కప్పుకొని, చేత పార పట్టి కట్టమీదికి పరుగెత్తువాడొకడున్నాడు. వానిని రమ్మని యెవ్వరును ఆజ్ఞాపింపలేదు. ఈ రాత్రిపనికి వేరుగ కూలి యిత్తుమని యెవ్వరును చెప్పలేదు. అయినను అతడు పోవును. వేరొక యూర అదే వాన, అదే గండి. అక్కడి పనివాడు తలుపు మూసికొని పడుకొనును. ఈ యిద్దరిలో భేదమేమి? ఒకడు మంచివాడు, ఇంకొకడు సోమరి యని తేల్చివేయుట సులభము. కాని అనంతపురపు మెట్టభూముల చరిత్ర పరిశీలించినకొలది మాకు వేరొక సమాధానము తోచుచున్నది. మనిషి తన విధిని మించి పనిచేయుట అతని స్వభావమును బట్టి కన్న, అతనికి జరుగుచున్న న్యాయమును బట్టియే యెక్కువగ నుండును. ఈ ప్రసంగమున ఆ మాటనే శ్రోతల ముందుంచదలచితిమి.

అనంతపురపు పీఠభూమి వానల నీడలో నున్న సీమ. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలు దాటి వచ్చుసరికి తడి కోల్పోవును. ఈశాన్యపు వానలు తూర్పుతీరము నుండి ఇంతదూరము నిండుగ వచ్చుట అరుదు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే యిక్కడి ప్రాప్తి. అట్టిచోట చెరువే ప్రాణము. అనంతపురము పుట్టుకయే చెరువుతో ముడివడియున్నది. బుక్కరాయల కాలమున, 1364లో, చిక్కప్ప ఒడయరు పండమేరు వాగునకు అడ్డముగ కట్ట వేయించెననియు, ఆ చెరువును బట్టియే బుక్కరాయసముద్రము, అనంతసాగరము అను నూళ్ళు వెలసెననియు చెప్పుదురు. ఆ కట్ట తెగబోవు వేళ ముసలమ్మ యను కోడలు తన ప్రాణమిచ్చి దానిని నిలిపిన కథ సీమవారికందరికిని తెలిసినదే. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆ కథనే కావ్యముగ రచించిరి. ప్రాణత్యాగము కథకు శోభ. కాని ఒక చెరువు ఏటేట నిలుచుటకు త్యాగమూర్తి యొక్కతె చాలదు. ప్రతిదినము తూమును, కాలువను, కట్టను కనిపెట్టు పనివాడు కావలెను. అతనికి మన పెద్దలు నీరుగంటి యని పేరు పెట్టిరి.

నీరుగంటి పూర్వపు గ్రామసేవకులలో ఒకడు. విజయనగర కాలము నుండియు గ్రామమునకు పన్నిద్దరు ఆయగాండ్రుందురని చెప్పుట వాడుక. రెడ్డి, కరణము, తలారి, నీరుగంటి, వడ్లవాడు, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి మొదలగువారు ఆ లెక్కలోనివారు. ఒక్కొక్క సీమలో ఆ పట్టిక కొంచెము మారుచుండును. వీరి జీతమిచ్చు పద్ధతి గమనింపదగినది. కొందరికి ఇనాము భూమి యుండెను. దానితోపాటు, పంట కళ్ళమునకు చేరి రాశి పోసిన తరువాత, సర్కారు భాగము, రైతు భాగము పంచుటకు ముందే ఆ రాశినుండి మేర యను పేర కొంత ధాన్యము వీరికి కొలిచి యిచ్చెడివారు. ఇందులో రెండు సూక్ష్మములున్నవి. మొదటిది, పంట పండిన యేడు నీరుగంటికి గింజలు హెచ్చును, ఎండిన యేడు తగ్గును. ఊరి మేలే అతని మేలు. రెండవది, అతడు అందరి కళ్ళములనుండియు మేర తీసికొనువాడు గనుక అందరి మళ్ళకును నీరు చేర్చవలసినవాడే. కొలత పదిమంది యెదుట జరుగును. ఎవరికెంత ముట్టినదో ఊరందరికిని తెలియును. నడిరేయి కట్టమీదికి పరుగెత్తినవాని మనసున ఈ లెక్క యెచ్చటనో పనిచేయుచునే యుండును. తెగునది ఊరి కట్ట మాత్రమే కాదు, తన గింజలు కూడ.

అట్లని ఆ కాలమును బంగారుకాలమని పొగడుట మా యుద్దేశము కాదు. ఆ పట్టికకు అడుగున వెట్టివాడుండెను. అధికారి వచ్చినపుడు మూట మోయుట, కబురు చేరవేయుట, పిలిచిన వేళకు నిలిచియుండుట అతని పని. అంటరానివారని దూరముంచబడిన కులములవారి పాలిటికి వచ్చిన పని యది. మేరలో కడపటి పిడికిలి వారిది. కాదనుటకు నోరు లేదు. వెట్టి యను మాటయే మన భాషలో మనసు లేని పనికి పర్యాయపదమైనది. "వెట్టిచాకిరి చేసినట్లు చేసినాడు" అని మనము నేటికిని అందుము. న్యాయము లేనిచోట పని యెట్లుండునో ఆ పలుకుబడియే సాక్ష్యము చెప్పుచున్నది.

ఇట్టి గ్రామముల మీదికి 1800లో క్రొత్త ప్రభుత్వము వచ్చెను. ఆ యేడు అక్టోబరు ఒడంబడికతో నిజాము నవాబు ఈ సీమలను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. అందుచేతనే వీనికి దత్తమండలములని పేరు వచ్చినది. రాయలసీమ యను పేరు 1928లో ఏర్పడినది. కంపెనీవారు దీనికి ప్రధాన కలెక్టరుగ థామస్ మన్రోను నియమించిరి. ఆయన స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున 1761లో జన్మించి, 1780లో చెన్నపట్నమునకు సైనికుడుగ వచ్చి, బారామహలులోను కన్నడసీమలోను పన్నుల పని నేర్చినవాడు. నలుగురు సహాయ కలెక్టరులతో ఏడేండ్లు ఈ మండలముల నేలెను. చాలకాలము మేడలో కాక డేరాలలో నుండి ఊరూర తిరిగెను. పాళెగాండ్ర నణచుటలో ఆయన చూపిన కాఠిన్యమును కంపెనీ డైరెక్టరులే ఆక్షేపించిరి. పన్నుల రాబడి ఆయన కాలమున సుమారు ఒకటిన్నర రెట్లయ్యెను. ఆ భారము మోసినది రైతే. ఇవన్నియు మరువరాదు. కాని పనివారిని గూర్చి ఆయన చేసిన యోచనయు మరువదగినది కాదు.

పన్ను నిర్ణయించుటకు ముందు భూమిని కొలువవలెను. 1802లో మోజణి ప్రారంభించునాటికి దత్తమండలములలో భూమిని కొలుచు విద్య తెలిసినవారు కచేరీలోని నలుగురు గుమాస్తాలు మాత్రమే. వారు ఊళ్ళలోని పడుచువాండ్రకు ఆ విద్య నేర్పిరి. ఆ యేడాది ముగియుసరికి ఏబదిమందియు, మరుసటి యేడు నూరుమందియు తయారైరి. 33 అడుగుల గొలుసుతో, అట్టి చదరములు నలుబది చేరిన ఎకరమను లెక్కతో, మిట్టలు పల్లములు, బంజరులు, చెరువుగర్భములు సహితము కొలిచిరి.

ఇక వారి జీతముల సంగతి. కొలత పనివారికి నెలజీతము గాక ఎకరమునకింతయని కూలి నిర్ణయించిరి. చురుకైనవాడు ఎక్కువ కొలిచి ఎక్కువ గడించును. పని త్వరగ సాగును. కాని త్వరలో తప్పులు దొరలును. ఎకరములు పెరిగిన కూలి పెరుగును గనుక గొలుసును వదులుగ లాగుటకు ఆశ పుట్టును. అందుచేత వారి పనిని తిరిగి కొలిచి చూచు పెద్ద మోజణిదారులకు మాత్రము నెలజీతమే యేర్పరచిరి. పని తొందరగ ముగిసిన తనిఖీదారునకు లాభము లేదు. ఆలస్యమైన నష్టము లేదు. నిజము చెప్పుటయే వాని పని. ఒకే కచేరీలో రెండు విధముల జీతములు! వేగము కావలసినచోట పనిని బట్టి కూలి. సత్యము కావలసినచోట నిశ్చింతయైన జీతము. పనివాడు సహజముగ దుర్మార్గుడనియు భావింపలేదు, దేవుడనియు భావింపలేదు. మంచిగ నుండుట వానికి సాధ్యమగునట్లు ఏర్పాటు చేసిరి. దాదాపు అయిదేండ్లలో ఇంత విశాలమైన సీమ మోజణియు పన్నుల నిర్ణయమును ముగియుటకు ఈ యేర్పాటు ఒక ముఖ్య కారణమని మా నమ్మకము.

పన్ను కట్టుటలో గ్రామస్థుల మాట వినుట కూడ ఆ పద్ధతిలో భాగమే. భూమి తరగతులు నిర్ణయించునపుడు రెడ్డిని, కరణమును, పెద్దరైతులను పిలిచి అడిగిరి. అడిగిన ప్రతిమాటయు చెల్లినదని కాదు, అడిగిరనునదే ముఖ్యము. తుదకు 1807లో మన్రో వెడలిపోవుటకు ముందు, తాను వేసిన పన్నే భారమైనదని గ్రహించి, భూములన్నిటిపైనను నూటికి 25 వంతులును, బావులు మొదలగువాని క్రింద సాగగు తోటభూములకు అదనముగ మరి 8 వంతులును తగ్గింపవలసినదని సర్కారునకు వ్రాసెను. రాబడి పెంచినవానికి పేరు వచ్చు కొలువది. రాబడి తగ్గించుడని వ్రాయుమని ఆయన నెవ్వరును కోరలేదు. ఆయన తన విధిని మించి చేసిన పని యిదియే యని మేమనుకొందుము.

సర్కారు ఆ మాట వినలేదు. 1808 నుండి గ్రామమును మొత్తముగ కౌలుకిచ్చు పద్ధతి పెట్టిరి. మొదట మూడేండ్ల కౌలు, పిదప పదేండ్ల కౌలు. కౌలుదారునకు గడువులోపల చేతికందునదే ప్రధానము. చెరువులో పూడిక గడువు దాటిన తరువాతి చింత. కౌలుదారులలో పెక్కుమంది చెడిరి, రైతులును చెడిరి. 1820లో మన్రో చెన్నపట్నమునకు గవర్నరై వచ్చిన పిమ్మట గాని ఆ తగ్గింపు అమలు కాలేదు, రైతువారీ పద్ధతి తిరిగి రాలేదు.

గవర్నరుగ ఆయన 1824 డిసెంబరు 31న వ్రాసిన మినిట్ ఒకటి ప్రసిద్ధమైనది. అందులోని వాదము మన విషయమునకు మిక్కిలి దగ్గరిది. అంతకు ముప్పదియేండ్ల క్రిందట కంపెనీలోని ఆంగ్లోద్యోగులలో లంచగొండితనము ప్రబలియుండెను. కారన్ వాలిసు ప్రభువు వారి జీతములు పెంచి దానిని చాలవరకు మాన్పెను. కాని ఆ ప్రభువే దేశీయులను పెద్ద పదవులనుండి తొలగించెను. వారికి చిన్న జీతము, పెద్ద అనుమానము మాత్రము మిగిలినవి. మన్రో అడిగినదేమనగా, తెల్లవానిని నిజాయితీపరుని చేసిన మందు నల్లవానికేల పనికిరాదు? ఏ జాతినైనను నమ్మకమునకును గౌరవమునకును దూరముంచి, పైకి పోవు దారి మూసినచో, దాని శీలము క్షీణింపక తప్పదనియు, ఇంగ్లండునే పరులు జయించి అట్లు చేసినచో ఒకటి రెండు తరములలో ఆ ప్రజలును అట్లే దిగజారుదురనియు ఆయన వాదించెను. గవర్నరు పీఠము మీదనుండి ఈ మాట వచ్చుట ఆనాడు సామాన్యము కాదు. పదవికి జాతిమతములు అడ్డురారాదను మాట 1833 నాటి చార్టరు చట్టములో చేరినది. ఆచరణకు చాలకాలము పట్టినది.

మన్రో 1827 జూలై 6న, దత్తమండలములకు కడసారి వీడ్కోలు చెప్పుటకు వచ్చి, పత్తికొండలో విషూచికతో మరణించెను. గుత్తిలో పూడ్చిన ఆయన యస్థికలను తరువాత చెన్నపట్నమునకు తరలించిరి. ఈ సీమలో కొంతకాలము బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. అనంతపురము కలెక్టరు కచేరీలోని మన్రో హాలు ఆయన పేరనే యున్నది.

ఇక చెరువుల కథకు మరలుదము. ఊరివారు తమ చెరువును తామే ఏటేట బాగుచేసికొను ఆచారమునకు కుడిమరామత్తు అని పేరు. చెరువు కట్టినవారికిని, బాగుచేయువారికిని దశబంధ ఇనాములుండెను. పంతొమ్మిదవ శతాబ్దిలో గ్రామపు మేరలు, ఇనాములు, అధికారములు ఒక్కొక్కటిగ సర్కారు చేతికి మారినకొలది ఈ యాచారము సడలినది. పంట హెచ్చిన లాభమెవరిదో, గండి పూడ్చిన ఖర్చెవరిదో తెలియని స్థితి వచ్చినది. 1858లో చెన్నపట్నపు రాజధానికై ఆ యేటి మొదటి చట్టముగ నిర్బంధ శ్రమ చట్టము చేయబడెను. వరద ముంచుకొని వచ్చినపుడు మనుష్యులను బలవంతముగ పనికి పిలుచుటకును, ఆచారసిద్ధమైన చెరువుపని ఎగవేసినవారినుండి దాని విలువ రాబట్టుటకును అది అధికారమిచ్చినది. పూర్వము పిలువకయే వచ్చినవానిని ఇపుడు చట్టముతో పిలువవలసి వచ్చెను! మనుష్యులు మారిరా? లేదు. అదే ఊరు, అదే కట్ట. చెరువుతో వారికున్న లెక్క మారినది.

ఆ తరువాత పదునెనిమిదేండ్లకు ధాత కరవు వచ్చినది. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును అది పీల్చివేసెను. నాటికి అనంతపురము బళ్ళారి జిల్లాలోని భాగము. ప్రత్యేకముగ జిల్లా యగుట 1882లో. ఆకలిగొన్నవారికి పని చూపి కూలి యిచ్చుటకు కరవుపనులు తెరచిరి. 1877 ఆరంభమున వైస్రాయి పంపగా వచ్చిన రిచర్డు టెంపుల్ ఖర్చు తగ్గించు నుద్దేశముతో, దినమంతయు కష్టించువానికి ఒక పౌను ధాన్యమును, దానిపై కొలదిపాటి పైకమును చాలునని నిర్ణయించెను. చెన్నపట్నపు ఆరోగ్యశాఖాధికారి కార్నిషు దానిని గట్టిగ ఎదిరించెను. ఆ తిండితో మనిషి పనిచేయుట యటుండ బ్రతుకుటయే కష్టమని ఆయన వాదము. ప్రభుత్వపు ఆజ్ఞను తల యూచి ఒప్పుకొని కూర్చున్న ఆయన కొలువు సుఖముగ సాగిపోయెడిది. బొంబాయి రాజధానిలో ఆ కూలి ఒప్పుకొనక వేలకొలది జనులు పనులు విడిచిపోయిరి. పూనా సార్వజనిక సభ వారి పక్షమున నిలిచెను. ఆకలితో చచ్చుచున్నవాడు సైతము అన్యాయపు కూలి వలదని లేచిపోయిన ఘట్టమిది. తుదకు చెన్నపట్నమున ఆ యేడాదిలోనే ధాన్యము కొంత పెంచి పప్పు చేర్చిరి. పొదుపు చేసినది ధాన్యము. పోగొట్టుకొన్నది ప్రాణములు, విశ్వాసము.

ఈ కథకు ఇటీవలి యధ్యాయమొకటి యీ జిల్లాలోనే మొదలైనది. 2005లో పార్లమెంటు చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టమును 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలములోని బండ్లపల్లెలో నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగుగారు ఆరంభించిరి. ఆ చట్టపు నిబంధనలు చదివినపుడు మాకు 1877 జ్ఞప్తికి వచ్చినది. స్త్రీపురుషులకు సమానమైన కూలి, పదునైదు దినములలోపల చెల్లింపు, పనిచోట త్రాగునీరు, పిల్లలకు నీడ, గాయమునకు మందుపెట్టె. ఇవన్నియు అందులో కూలివాని హక్కుగ వ్రాయబడినవి. పనిని గుంటల కొలతను బట్టి లెక్కించుట మన్రో గొలుసు నాటి పద్ధతినే తలపించును. ఎవరెన్ని దినములు పనిచేసిరి, ఎంత పైకము ముట్టినది అను లెక్కలను గ్రామసభలో చదివి వినిపించు సామాజిక తనిఖీని మన రాష్ట్రము ముందుగ చేపట్టి పేరు తెచ్చుకొన్నది. ఇదియు క్రొత్తది కాదు. కళ్ళములో పదిమంది యెదుట మేర కొలిచిన ఆచారపు క్రొత్తరూపమే. చెల్లింపు ఆలస్యమైన చోట్ల మాత్రము కూలీలు పనికి రాక బెంగుళూరికి వలస పోయిరి. వారిని సోమరులనుట తప్పు. లెక్క తప్పినది వారి వైపున కాదు.

నేటి కర్మాగారములను, కార్యాలయములను పరిశీలించిన విద్వాంసులును ఈ దారికే వచ్చిరి. అమెరికాలో డెన్నిస్ ఆర్గన్ అను ఆచార్యుడు 1988లో ప్రకటించిన గ్రంథమున, ఉద్యోగపు పట్టికలో వ్రాయనిదైనను సంస్థను నిలుపు మంచిపనులను గూర్చి విపులముగ చర్చించెను. తోడివానికి చేయూతనిచ్చుట, చెప్పకయే ముందుచూపుతో పని సవరించుట అట్టివి. జీతము హెచ్చుతగ్గుల కన్న, తనకు న్యాయము జరుగుచున్నదను నమ్మకమునకే ఈ పనులతో దగ్గరి సంబంధమున్నదని ఆ శాస్త్రజ్ఞుల పరిశోధన తెలిపినది. కళ్ళములో నిలుచున్న నీరుగంటికి ఈ సంగతి గ్రంథము లేకయే తెలియును.

ఈ పుటలనుండి మేము గ్రహించినవి మూడు. కొలత అందరికి ఒకటిగను, బహిరంగముగను ఉండవలెను. కూలి మనిషి నిలువదగినంతయు, చెప్పిన గడువునకును ముట్టవలెను. పనివాని మాట వినుటకు ఒక చెవి యుండవలెను. ఈ మూడును ఉన్నచోట విధిని మించిన పని అడుగకయే వచ్చును. ఇవి లేనిచోట చట్టము మనిషిని కట్టమీదికి తేగలదు గాని, వాని చేతిలోని పారకు మనసు నీయలేదు.

ఈ ప్రసంగము వినుచున్న, చదువుచున్న గృహములలో పలువురింట ఒకరైనను మరియొకరి చేత పని చేయించుకొనువారుందురు. పొలములో కూలీలు కావచ్చును, అంగడిలో గుమాస్తా కావచ్చును, ఇంట అంట్లు తోము అమ్మ కావచ్చును. పండుగనాడు ఆమె పిలువకయే వచ్చి ఇల్లు సర్దినపుడు మనము "ఎంత మంచిది!" యని మెచ్చుకొందుము. ఆ మెప్పుతో పాటు, ఆమె నెలజీతము ఏ తేదీన ముట్టుచున్నది, సెలవు అడిగినపుడు మన మోమెట్లుండుచున్నది అను లెక్కయు ఒకసారి చూచికొనవలెనని మా మనవి.